తూర్పు వైపు బెరడు

జోంబా కొండ మీద పొగమంచు ఇంకా విడలేదు.
ల్యాబ్ తలుపు దగ్గర ఫలేసి కూర్చుని ఉంది,
ఒళ్ళో పాత న్యూస్‌పేపరు పొట్లం,
పొట్లంలో అరచేయంత బెరడు ముక్కలు.
"తూర్పు వైపే గీకాను," అంది ముందుగానే,
నేనేదో నేరం మోపినట్టు.
"మిగతాది చెట్టుది."

నలభై ఏళ్ళుగా ఆమె గుమ్మానికి ఆడవాళ్ళు వస్తారు,
నెల మధ్యలో రక్తం కనబడిందని,
మొగుడికి చెప్పలేదని,
చీకటి పడ్డాక.
ఆమె బెరడు కాచి ఇస్తుంది.
కొందరు మళ్ళీ వస్తారు.
కొందరి బదులు వాళ్ళ చెల్లెళ్ళు వస్తారు, బాకీ తీర్చడానికి.
ఆ చెల్లెళ్ళ మొహాలు చూడలేకే
మినీబస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

నాకొచ్చిన పని నేను చేశాను.
దంచాను, జల్లెడ పట్టాను, మెథనాల్లో నానేశాను.
మూడుసార్లు కరెంటు పోయింది.
చివరికి ఫ్లాస్కు అడుగున మిగిలింది
మాడిన చెరకు పాకం లాంటి నలుపు.
దాన్ని వేలితో ముట్టుకోకూడదు, వాసన చూడకూడదు.
ఫలేసి రెండూ చేసి, నాలిక్కి కూడా రాసుకుంది.
"నాది ఇంత చేదు కాదు."

ఇంక్యుబేటర్లో, ఒంటి వెచ్చదనంలో,
ఎవరో ఒకామె గర్భసంచి ముఖద్వారంలోంచి తీసిన కణాలు
ఆమె పోయినా ఆగకుండా చీలుతూనే ఉంటాయి.
సీసా మీద ఆమె పేరు లేదు, అంకె ఉంది.
వాటి మీద మా నలుపును చుక్క చుక్కగా వేశాను.
మూడో రోజు మైక్రోస్కోపు కింద
పట్టు వదిలేసి, ముడుచుకుని,
ఎండిన చిక్కుడు గింజల్లా తేలుతున్నాయి.

నేను అరవలేదు. చేతులు మాత్రం వణికాయి.
ప్రొఫెసర్ న్‌కోసా చూసి, కళ్ళజోడు తీసి,
"ఉప్పు ఎక్కువేసినా చస్తాయి," అన్నాడు.
"గిన్నెకి కాలేయం లేదమ్మా. గిన్నెకి పిల్లల్లేరు."

ఆ మాటే ఫలేసికి చిచెవాలో చెప్పాను.
చాలాసేపు ఊరుకుంది.
"అయితే ఇవ్వాలా, మానాలా?"
నా నోట్‌బుక్కులో ఆ ప్రశ్నకి గడి లేదు.
గోరంతను కొండంత చేయడం నాకు చేతకాదు.
"తెలీదు," అన్నాను. "తెలిసేసరికి
నా జుట్టు నీ జుట్టవుతుంది.
రక్తం కనబడినవాళ్ళని మాత్రం ఆపకు, ఆస్పత్రికి పంపించు."

పంపించలేదు. తనే తీసుకెళ్ళింది,
ఆ గురువారం, ముగ్గురిని.
క్యూలో నాలుగోదిగా తనూ నిలబడింది.
నర్సు దూదిని వెనిగర్లో ముంచి తాకించి, నిమిషం ఆగి చూస్తుంది,
అనుమానపు చోటు తెల్లబడుతుంది.
"వెనిగరా! కూరలో పోసేదా!"
ఫలేసి నవ్విన నవ్వుకి
బల్ల మీది పిల్ల బిగించిన మోకాళ్ళు వదులు చేసింది.

ముగ్గురిలో ఎనిఫాకి
తెల్లబడే దశ ఎప్పుడో దాటిపోయింది.

బ్లాంటైర్ వార్డులో మూడు గంటల డ్రిప్పు.
మంచం పక్కన ఫలేసి, వేలాడే సంచిని చూపించి
"ఇదేమిటి?" అంది.
ఎక్కడో చలిదేశపు చెట్టు మందు, అన్నాను,
మొదట దొరికింది దాని బెరడులో.
దొరికాక జనానికి అందడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.
"బెరడా?"
"బెరడే."
లేచి వెళ్ళి సంచి వాసన చూసింది.
ప్లాస్టిక్కు వాసన.
"ఏ వైపు గీకారో," అంది.

వేల చెట్లు పడిపోయాయని
నేను చెప్పలేదు.

ఎనిఫా నిద్రపోతోంది, నోరు కొద్దిగా తెరుచుకుని.
చుక్క పడుతోంది. ఇంకో చుక్క.
కిటికీ అవతల వీధి దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి.
ఇక్కడ జనరేటరు అందుకుంది.
జోంబాలో మా ఫ్రీజరుకి జనరేటరు లేదు.
వరండాలోకి వచ్చి వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను:
మూడో అరలో, ఫలేసి పేరు రాసిన సీసా,
దాని చుట్టూ ఐసు పెట్టు,
తెల్లారేదాకా తలుపు తెరవకు.