పాటు కోసం

ఈ ఇంటికి నేను రెండుసార్లు గుమ్మం పెట్టాను.
మొదటిది ఉండడానికి.
రెండోది అమ్మడానికి.

పాలకొల్లులో, కాలువ దాటాక మూడో వీధి.
రొయ్యకి మంచి రేటున్న ఏడాది
సత్యవేణిగారు పునాది తీయించారు.
చెరువుకి తెల్లమచ్చ కొట్టిన ఏడాది
గేటుకి బోర్డు కట్టించారు: ఇల్లు అమ్మబడును.
ఫోను నంబర్లో ఆఖరి రెండంకెలు ఎండకి వెలిసిపోయాయి.
ఎవరూ చెయ్యలేదు గనక
ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

తణుకు నించి వాస్తు మనిషి వచ్చాడు,
దిక్సూచి ఫోనులోనే ఉంది.
వీధిపోటన్నాడు.
తూర్పు గుమ్మం మూసి ఉత్తరానికి తెరిచాను.
మార్టేరు ఆయన వచ్చి, ముందాయన్ని తిట్టి,
ఈశాన్యం బరువెక్కిందన్నాడు.
మెట్లు పగలగొట్టాను,
నా అరచేత్తో నునుపుచేసిన మెట్లు.
మూడో ఆయన ఏమీ పగలగొట్టించలేదు,
నా కూలి పోయింది,
అందుకే ఆయనంటే నాకు కోపం.
పటిక కట్టాడు, బూడిదగుమ్మడి కట్టాడు.
కాయ వానకి కుళ్ళి గడప మీద కారితే
దిష్టి దిగుతోందని ఆవిడ సంతోషించారు.

నేను నవ్వుకున్నాను.
ఇసకకీ సిమెంటుకీ దిక్కులుండవు.
వీధంతా అమ్మకానికే ఉంది:
బుల్లెబ్బాయిగారి గేటుకి గుర్రపునాడా,
డ్రిల్లు మాస్టారి డాబా మీద
నాలిక బైటపెట్టిన నల్లబొమ్మ.
రాత్రిపూట అటు వెళితే
మనుషులకన్నా నిమ్మకాయలే ఎక్కువ కనిపిస్తాయి.

ఒక మాట దాచాను.
ఆవిడ నాకింకా పద్దెనిమిది వేలు బాకీ.
"ఇల్లు పోగానే ఇస్తాను, నూకరాజూ."
పోయిన శనివారం, మా ఆవిడకి చెప్పకుండా,
ఆ గేటుకి నేనూ ఒక నిమ్మకాయ కట్టాను.

తరవాతది ఖర్చులేనిది.
అమ్మే ఇంట్లో మన్ను పిడికెడు
పసుపుగుడ్డలో మూటగట్టి పారే నీళ్ళలో వదిలితే
నీళ్ళు పోయినట్టే ఇల్లూ పోతుందట.
మూట నా చేతికిచ్చారు.
మే నెల. లాకులు కట్టేశారు.
కాలువ అడుగున పిల్లలు క్రికెట్టాడుతున్నారు.
ఊళ్ళో పారేది ఏదీ లేదు,
నీళ్ళూ, రూపాయీ.

చించినాడ వంతెన దాకా వెళ్ళాను, పెట్రోలు నాదే.
కింద వశిష్ట. అప్పుడు పోటు.
సముద్రం నీళ్ళని వెనక్కి తోస్తోంది,
గుర్రపుడెక్క ఎగువకి నడుస్తోంది.
ఇప్పుడు వదిలితే
ఇల్లు మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తుందేమో!
నవ్వుకున్నవాణ్ణి నేనే,
రెయిలింగుకి ఆనుకుని
పాటు కోసం రెండు గంటలు కాచాను.
మూట విప్పితే మన్ను కాదు,
ఈ ఏటి ఇసకే,
ఆనాడు నేను జల్లించిన సన్నం.
డెక్క ఆగింది, తిరిగింది.
వదిలేశాను.

ఆదివారం ఆచంట నించి మొగుడూ పెళ్ళాం వచ్చారు.
గదులు నచ్చాయి.
ఆయన బోరు కొట్టి, దోసిట్లో పట్టి,
ఉప్పగా లేవని తలూపాడు.
ఆవిడ మాత్రం తూర్పుగోడ దగ్గర ఆగి
రంగు కింద గుమ్మం ఆనవాలు
వేలితో పైనించి కింది దాకా తడిమింది.
"దీన్నెందుకు మూసేశారు?
ఏం జరిగిందిక్కడ?"

సత్యవేణిగారు నా వైపు చూశారు.
పద్దెనిమిది వేలూ నా వైపు చూశాయి.

"గాలండి," అన్నాను,
"మరీ ఎక్కువొచ్చేస్తందండి,
ఆయ్."