కండెం

స్టోరు కాయితం మీద ఒక్కటే మాట: కండెం.
మా కొత్తవాడల కండె అంటే
నూలు చుట్టుకొని నాడెల పండుకునేది.
పోలీసు లెక్కల అట్ల కాదు.
పనికిరాదని.

గోనెసంచి విప్పితే
గ్రీజు గడ్డకట్టి తుమ్మబంక లెక్క అంటుకున్న
ఇషాపూర్ త్రీనాట్ త్రీ, ఎనభై ఏండ్లది.
మడమ మీద తెల్లరంగు నంబరు, దాని మీద ఇంకో నంబరు,
ఆ రెండింటి మీద బల్లి గుడ్ల మరక.
యాకూబు ఉస్తాద్ దాన్ని ఎత్తి వాసన చూసిండు,
కర్బూజ బేరం చేసేటోని తీరు.
"లోపల మంచిగుంటది. పైదిక్కు చూడకు."

మొదలు కిరసనాయిలు, పాత పండ్లబ్రష్షు.
తర్వాత గొట్టానికి కీపు పెట్టి
సలసల కాగే నీళ్లు.
పాత మందు ఉప్పు నూనెకు లొంగదు, నీళ్లకే కరుగుతది.
ఈ ముక్క తలకెక్కడానికి నాకు ఆర్నెల్లు, ఒక మంచి గొట్టం
ఖర్చయినయి.
మొదటి నీళ్లు చింతపులుసు.
రెండోసారి ఇరానీ చాయ్.
ఏడో కేతిలికి
గొట్టం అవతల కిటికీ కనిపించింది,
కిటికీల గల్లా మార్కెట్ రేకుల కప్పు,
దాని చుట్టూ ఎడమకు మెలితిరిగిన ఐదు గాళ్లు
తళతళ.

కర్రకు ఎన్ని దెబ్బలో.
తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే
నొక్కుకుపోయిన చోటు మెల్లగ ఉబ్బుతది.
"విరిగింది లేవదు, నొక్కుకుపోయిందే లేస్తది"
అన్నడు ఉస్తాద్.
కర్ర గురించే అన్నడు.

మా మేనమామ ఓదెలు ఒక్కసారి షెడ్డుకు వచ్చిండు.
ములుగు తొవ్వల ఒక రాత్రి బస్సు ఆపి
ఇసొంటిదే ఆయన ఛాతికి ఆనించిండ్రట.
ఎవరని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.
బల్ల మీద దాన్ని చూసిండు.
పోసిన చాయ్ పోసినట్టే ఉన్నది.

మడమకు ఇత్తడి మూత ఉంటది, బొటనవేలితో నూకితే తెరుచుకుంటది.
లోపల నూనెబుడ్డి, గొట్టం తుడిచే తాడు.
తాడు కొసకు సర్కారు ఫ్లానెల్ ఉండాలె.
చీర పేలిక ఉన్నది.

సబ్బునీళ్లల్ల నానేస్తే
నల్లటి జిడ్డు కింద నుంచి
ఒక గొల్లభామ వచ్చింది.
లంగా ఉన్నది, ఒక చెయ్యి ఉన్నది.
తల చినిగిపోయింది.

అవ్వ దాన్ని రెండు వేళ్ల నడుమ రాసి చూసింది.
"సిద్దిపేట నేత. కొంగు ముక్క ఇది.
పోగు పోగు లెక్కవెట్టి నేసిండ్రు బిడ్డా,
తుపాకి తుడవనీకె చింపుతరా?"
కొంతసేపు ఆగి,
"అడిగి చింపిండో, అడగక చింపిండో."

ఆదివారం మడికొండ గుట్టల వెనుక, క్లబ్బు మైదానం.
వంద మీటర్లు. మంచు ఇంకా ఇడువలేదు.
మొదటి గుండు ఎడమకు, జానెడు.
రెండోది దాని పక్కనే.
తప్పు ఎటు పోతే ముందు గురిని అటే జరపాలె.
ఎన్నిసార్లు చేసినా నా చెయ్యి ముందుగాల కుడికే పోతది.
ఉస్తాద్ చిన్న సుత్తెతో ఎడమకు ఒక్క దెబ్బ వేసిండు,
చెవిపోగు సరిచేసినంత మెల్లగ.
మూడోసారి బర్రె తలతో కుమ్మినట్టు భుజం అదిరింది.
కాగితం మీద నల్ల చుక్క అంచుల
వెలుతురు వచ్చేటంత బొక్క.

కండెం అన్న కాయితాన్ని ఉస్తాద్ మడతపెట్టి
లైసెన్సు ఫైల్ల దాచిండు. పారెయ్యొద్దన్నడు.

తాడుకు కొత్త ఫ్లానెల్ కట్టినం.
పేలిక కోసం ఇంటికి పోతే
అవ్వ గుంటమగ్గం పక్కన కూసుండి
గళ్లకాయితం మీద పేలిక పరిచి
పెన్సిల్తో గళ్లు నింపుతున్నది.
జంపఖానాలు నేసిన చెయ్యి, గొల్లభామను ఎన్నడూ నేయలేదు.
రెండో చెయ్యి వేసింది. నెత్తి మీద కుండ వేసింది.
మొఖం కాడి గళ్లు
ఖాళీగ ఇడిచింది.

నేను పేలిక అడగలేదు.
పొద్దుగాల లేవాలె,
కర్రకు ఇంకో పొర అవిసెనూనె రుద్దాలె.