వేడెక్కితేగానీ

డిసెంబరు పొద్దు. కలాసిపాళ్యంలో నోరు తెరిస్తే పొగ.
సిద్ధరాజు టాక్సీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు,
పచ్చి పెట్రోలు కంపుతో.
మీటరు పలక మీద పసుప్పచ్చ ఇంజను బొమ్మ.
మూడు నెల్ల కింద బండి కొన్ననాటి నుంచీ
ఆరని దీపం.

స్కానరు చెప్పింది: పి సున్నా ఒకటి మూడు ఐదు.
ఆక్సిజన్ సెన్సరు, దాని హీటరు.

"పాతాయన రెండుసార్లు మార్పించాడంట అణ్ణా,"
పేపరు పొట్లం విప్పి
తీసేసిన రెంటినీ
చచ్చిన పిచ్చుకల్లా నా అరచేతిలో పెట్టాడు.

ఈ సెన్సరుకో గుణముంది.
పొగగొట్టం మెడలో కూచుని
ఇంజను ఊపిరి వాసన చూసి చెబుతుంది,
ఎక్కువ తాగిందా తక్కువా అని.
చల్లగా ఉన్నంతసేపూ పెదవి కదపదు.
అబద్ధమాడదు, అలా అని నిజమూ చెప్పదు.
పాయింట్ నాలుగైదు దగ్గర గీతలా పడుంటుంది.
అంతదాకా ఇంజనుది గుడ్డి లెక్క,
పోస్తూనే ఉంటుంది.
అందుకే దాని కడుపులో
అగ్గిపుల్లంత హీటరు.

కనెక్టరు విప్పి
రెండు తెల్ల వైర్ల మధ్య మీటరు పెట్టాను.
ఆరు ఓములు. బాగానే ఉంది.
కీ తిప్పమని, అటువైపు చూశాను.
పన్నెండు వోల్టులు రావాలి.
సున్నా.
ఫ్యూజు మాడింది. కొత్తది వేశాను.
ఇంజను ఒక్క వణుకు వణికిందో లేదో
అదీ పోయింది.

జాకీ ఎత్తి, అట్టముక్క మీద పడుకుని,
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
కిందికి దూరాను.
పంటి సందున పీచుని నాలుక వెతికినట్టు
వైరు వెంట వేలు పోనిచ్చాను.
దొరికింది.
క్లిప్పు విరిగి, వైరు జారి,
హీట్ షీల్డు అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని
తోలు ఊడి రాగి బయటపడింది.
బియ్యపు గింజంత.
దానికా ఇన్ని వేలు!

టంకం పెట్టి, స్లీవు తొడిగి,
వేడికి దూరంగా జిప్ టైతో కట్టేశాను.
ఫ్యూజు నిలిచింది.
నిమిషం తిరక్కముందే స్కానరులో గీత లేచి
పైకీ కిందికీ ఊగడం మొదలెట్టింది.
సిద్ధరాజు చప్పట్లు కొట్టాడు.

ఎందుకో, ఆ పాత రెంటినీ కొలిచాను.
ఒకటి ఆరు. ఇంకోటి ఆరున్నర.
రెండూ బతికే ఉన్నాయి.
రెండోదాని మసి తుడిస్తే
తెల్ల పెయింటు చుక్క.
నా చేత్తో విప్పిన ప్రతి సామానుకీ
నేను పెట్టే చుక్క.

జూన్‌లో అయ్యుంటుంది. వాన. బయట నాలుగు బళ్ళు.
మీటరు తీయడానికి బద్ధకించి
కొత్తది బిగించి, దీపం ఆర్పి పంపేసుంటాను.

సిద్ధరాజు పర్సు తీశాడు.
"ఎష్టాయ్తు?"

గొంతులో గీత కదల్లేదు.
"ఆగు, కాఫీ తాగుదాం" అని
బై-టూ చెప్పాను.
గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాను.
సగం తాగాక
మొదలెట్టాను.