దిష్టిచుక్క

డిసెంబరు రెండో ఆదివారం.
మియాపూర్ మెట్రో దిగి ఎక్కిన షేర్ ఆటోలో
ఉల్లిపాయల బస్తాకీ నాకూ కలిపి ఒకటే సీటు.
అమీన్‌పూర్ చెరువు కట్ట మీద
స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని సబిత టీచరు,
చేతిలో గీతల పుస్తకం, చెవి మీద పెన్సిలు.
"ఇవాళ దీవి నీది" అంది.

దీవి అంటే మరీ పెద్ద మాట.
నీళ్ళ మధ్య నాలుగు గుండ్లు,
పగుల్లో మొలిచిన ఒక తుమ్మ,
నీరుకాకులు సున్నం కొట్టిపెట్టిన ఒక వీపు.
వెనకాల, ఇంకా కిటికీలు పెట్టని పద్నాలుగో అంతస్తు మీద
క్రేను కొక్కేనికి చందమామ.
దించుతోందో ఎక్కిస్తోందో తెలియడం లేదు.

మొదలుపెట్టాను.
సూదితోక బాతులు నలభై ఒకటి.
తలకాయలు నీళ్ళలో ముంచేస్తాయి కదా,
తోకలే లెక్క.
నామాల కోళ్ళు ఒకచోట నిలవవు,
వందో, నూటిరవయ్యో, వేసుకో ఏదో ఒకటి.
పట్టీతల బాతులు రెండు.
హిమాలయం దాటి వచ్చి
గుర్రపుడెక్క చాటున మెడ వంచుకుని నిద్రపోతున్నాయి
తెల్లారగట్ల బస్టాండులో దిగినవాళ్ళలాగ.

థర్మకోల్ తెప్ప మీద వలలు తీస్తున్న పెంటయ్య
అరిచి అడిగాడు, "ఎన్నొచ్చినయ్ మేడం?"
చెప్పాను.
"పోయినేడు ఎక్కువుండె.
మోరీ నీళ్ళు కలిసినంక గిట్లనే."
మళ్ళీ వల మీదికి వంగాడు.

అప్పుడు కనిపించింది.
చివరి గుండు మీద, ఒంటికాలి మీద.
ఒళ్ళంతా తెలుపు, ఆ ఒక్క కాలికీ పారాణి,
కంటి వెనక నల్లగా ఒక చుక్క,
ఎవరో పసిదానికి పెట్టి
చెరపడం మరిచిపోయిన దిష్టిచుక్క.

దీన్ని నేనెరుగుదును.
ఎదురుమొండిలో పుట్టినదాన్ని.
చుట్టూ కృష్ణ, ఆ పైన సముద్రం,
పంటు ఎక్కితే తప్ప ఊరు దాటలేని దీవి.
చలికాలం మా అమ్మ ఇసుకలో ఎండేసిన సావిడాయల మీదికి
ఇవి గుంపులుగా దిగేవి.
కర్ర నాది. కాపలా నాది.
ఒక చేప పోతే ఒక మొట్టికాయ.
పేరు పెట్టి పిలిచింది లేదు వాటిని,
పన్నెండేళ్ళకే నాకు వచ్చిన తిట్లన్నీ
వాటి మీద సాధన చేసినవే.
ఎక్కడెక్కడి మంచులోంచో వస్తాయని
అక్కడ నాకెవరు చెప్పారు?
వలస పక్షట, అతిథట.
దొంగది. అంతే.

ఆ దొంగ మొహం చూడ్డానికి
ఇక్కడ ఆరువేలు పోసి బైనాక్యులర్స్ కొన్నాను,
ఇంకా రెండు వాయిదాలు కట్టాలి.

"ఏంటది?" అంది టీచరు.
"సముద్రపు కాకి."
"సముద్రమా? ఇక్కడా?"
పేజీ అటూ ఇటూ తిప్పింది. దానికి గడి లేదు.
"ఖాయంగా చెప్పగలవా? ఫోటో కావాలి.
రెక్క చివర చూశావా? ముక్కు రంగు?"

పెంటయ్య వలలోంచి ఒక పిల్లచేప జారి
తెప్ప అంచున ఎగిరెగిరి పడుతోంది.
దించని కాలు దించింది అది.
రెక్కలు విప్పింది.

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది.
"హోయ్! ఓసి దొంగసచ్చినదానా!"

నలభై ఒక్క సూదితోకలూ ఒక్కసారిగా లేచాయి,
నామాల కోళ్ళు నీళ్ళ మీద పరుగు,
హిమాలయం దాటొచ్చినవి కళ్ళు తెరిచి
ఏ ఊరిదిరా ఈ మనిషి అన్నట్టు చూశాయి.
చెరువంతా చప్పుడు.
వాకింగుకొచ్చిన జనం ఆగిపోయారు.
పెంటయ్య తెప్ప ఊగేలా నవ్వుతున్నాడు.

టీచరు నన్ను చూసింది చాలాసేపు.
ఏమీ అనలేదు.
చెవి మీది పెన్సిలు తీసి, మార్జిన్‌లో,
గడి లేని చోట రాసింది:
సముద్రపు కాకి, 1. ఖాయం.

అదేమో క్రేను దాకా వెళ్ళి, ఒక చుట్టు చుట్టి,
మళ్ళీ అదే గుండు మీద వాలింది.
చేప దాని నోట్లోనే ఉంది.

నేను నెత్తి తడుముకున్నాను.