గేటు దాకా

కాయితం మీద ప్రశ్నలు అయిదు.
జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ
అక్షరాలకి తలకట్లు రాలిపోయిన కాయితం.
"గత నెల రోజుల్లో మీరు" అనే మొదలవుతాయి అన్నీ.
పక్కన రెండేసి గళ్ళు: అవును, లేదు.

సూరాడ కాసులమ్మ, పెదజాలారిపేట.
ఇరవై మూడేళ్ళు. ఏడో నెల.
కార్డులో మూడు వరసలు ఖాళీ.
ఎర్ర సిరాతో రాలేదు, రాలేదు, రాలేదు అని రాసి
చివరి దాని కింద గట్టిగా గీత కొట్టి ఉంది.

పీడకలలు వస్తున్నాయా? లేదు.
ఊరికే ఉలిక్కిపడుతున్నారా? లేదు.
జరిగినదాన్ని గుర్తుచేసే చోట్లకి
వెళ్ళకుండా తప్పించుకుంటున్నారా?
"నానేటి తప్పించుకుంతాను?
పనున్నకాడికల్లా ఎల్తన్నాను."
మిగతా రెండూ లేదే.
రెండు నిమిషాలు పట్టలేదు.
మొత్తం సున్నా.
వరండాలో ఇంకా పదిహేడు మంది.

అప్పుడొచ్చింది ఆయా, బకెట్టుతో.
గుమ్మంలో ఫినాయిలు నీళ్ళు తెల్లగా పరుచుకున్నాయి.
కాసులమ్మ అరవలేదు, లేవలేదు.
మంచినీళ్ళ సీసా మూత తీసి
కొంగు తడిపి, నాలుగు మడతలు వేసి
ముక్కుకీ నోటికీ అదిమి పెట్టుకుంది.
రెండో చెయ్యి పొట్ట మీద.
ఎన్నాళ్ళుగానో అలవాటున్న చేతులు.
తను చూస్తున్నది మాత్రం నన్నే,
ఆరో ప్రశ్న ఉందా అన్నట్టు.

"ఏ కంపెనీ?" అన్నాను.
అది కాయితంలో లేదు.

"రొయ్యల కంపెనీ. రాత్రి సిఫ్టు.
నాను, రాజీ ఎదురూబొదురూ కూకొని
తలలు వొలిసీవోలం.
ఐసు గదికాడ గొట్టం పేలిపోనాది.
కల్లు మండిపోతన్నాయి, గుడ్డ తడుపుకోండి అని
ఎవులో కేకేసినారు.
కుళాయికాడ ముందల నానే ఉన్నాను.
నాది తడిసింది.
ఎనకాల రాజీ ఉంది.
అంతే, నీలు ఆగిపోనాయి."

పైన పంకా తిరుగుతోంది.
ఆయా బకెట్టు అక్కడే వదిలేసి నిలబడిపోయింది.

"ఈడికి మూడుసార్లొచ్చాను, మేడం.
ఆటో దిగి, గేటు దాకా వొచ్చీసినాను.
ఆ వోసన తగిల్తే సాలు,
కాళ్ళే ఎనక్కెల్లిపోతాయి.
సోడా తాగీసి ఎలిపోనాను.
సూపించుకున్నానని మా యత్తకి అబద్దం ఆడీసినాను."

కార్డు మళ్ళీ తిప్పాను.
మూడు రాలేదుల్లో చివరిది,
కింద గీతతో సహా,
నా దస్తూరీయే.

దిద్దిన ప్రతిచోటా పొడి సంతకం పెట్టాలని రూలు.
పెడుతూ పోయాను. అయిదుకి నాలుగు.
ఆమె చదవలేదు, ఎందుకు దిద్దుతున్నానో అడగలేదు.
"గుంటకేటైనా అయిపోద్దా?" అని మాత్రం అడిగింది,
అది కూడా కొంగులోంచి.

బల్ల బయటికి ఈడ్చాం, నేనూ ఆయా కలిసి.
మెట్ల పక్కన, గాలి వచ్చే వైపు,
పాత దుప్పటి అడ్డం కట్టి పడుకోబెట్టాం.
పొట్ట మీద జెల్లు చల్లగా తగిలి ఒళ్ళు బిగుసుకుంది.
ఐసు కాదమ్మా అన్నాను. నాకు తెలుసన్నట్టు తలూపింది,
బిగువు మాత్రం వదల్లేదు.
గరగర, గరగర, కాసేపు ఏమీ లేదు,
తర్వాత దొరికింది.
కాసులమ్మ కొంగు తీసేసి విన్నది.
"మా నాన్న బోటింజను ఇలగే కొట్టుకునీది,
ఒడ్డుకి దగ్గరకొచ్చీసరికి."

మనసు డాక్టరుకి చీటీ రాశాను.
ఆయన గది ఉన్నది మూడో అంతస్తులో,
పొడవాటి వరండా దాటి. రోజుకి రెండుసార్లు తుడుస్తారు.
ఆయన్నే కిందికి రమ్మని అడగాలి.
అడిగాను. చూద్దాం అన్నారు.

ఇవాళ మంగళవారం.
పదకొండు దాటింది, ఉప్పుగాలికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.
బీపీ మిషను సంచిలో పెట్టుకుని
గేటు బయట సోడాబండి దగ్గర నిలుచున్నాను.
షేరాటోలు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి.
దిగేవాళ్ళ ముఖాలు కాదు,
కాళ్ళు చూస్తున్నాను.