అర డిగ్రీ

ఊరి పేరు సజ్జా.
షార్జా మ్యాపులో ఆ పేరు చదివి మురిశాను,
వచ్చి చూస్తే ఒక్క వెన్ను లేదు.
ఇసుక, సిమెంటు, మూడంతస్తుల క్యాంపులు,
గదికి పన్నెండు పరుపులు, పన్నెండు ఛార్జర్లు.

దీపస్తంభాలకి చిన్న సెల్లులు కట్టాం,
ఒక్కోటి టిఫిన్ క్యారియరంత.
చెవి దగ్గరికొచ్చింది, బాగానే వింటుంది,
విన్నది మోసుకుపోవాలి కదా!
కేబులు వేద్దామంటే రోడ్డు తవ్వనివ్వరు.
అందుకని గాలిలోనే వెనకదారి:
స్తంభం నుంచి స్తంభానికి,
అక్కణ్ణుంచి నీళ్ల ట్యాంకు మీది పళ్లేనికి
కంటికి ఆనని దారం.
అర డిగ్రీ పక్కకి జరిగితే
సూది బెజ్జం తప్పుతుంది.

శుక్రవారం వస్తే లింకు పడేది.
పొద్దున తొమ్మిదికి మొదలు, జుమ్మా నమాజు దాకా.
"సెలవు కదా, అందరూ ఒకేసారి ఫోన్లు"
గ్రాఫు మీద వేలు పెట్టి చెప్పాడు హైథమ్.
నిజమే అనుకున్నాం.
మాటని ముందుకి పంపి
వీడియోని వరసలో నిలబెట్టాం.
కొంచెం నయం.
అయినా ఆ గీత, మోకాలు విరిగిన మనిషిలా,
శుక్రవారం శుక్రవారం కూలబడేది.
తేమ అన్నారు. దుమ్మన్నారు.
వాన మొహం చూడని చోట వాన లెక్కలు కట్టారు.
పెద్ద రేడియోకి కొటేషను అడిగారు.

ఆ వారం నేనే పోయాను, నిచ్చెన భుజానేసుకుని.
పదకొండో నంబరు స్తంభం.
దాని మెడకి నైలాన్ తాడు,
రెండో కొస క్యాంపు కిటికీ ఊచకి.
తాడు నిండా తడి లుంగీలు, నీలం కవరాల్స్,
నీళ్లు కారుతున్న ఒక దుప్పటి,
అన్నీ కలిసి స్తంభాన్ని తమవైపు లాక్కుంటున్నాయి.
ఎంత?
అంతే. అర డిగ్రీ.

బట్టలు ఆరేకొద్దీ స్తంభం లేచేది, లింకు లేచేది.
నెలరోజులు మేం వెతికిన దయ్యం
సబ్బు వాసనేస్తోంది.

కత్తెర తీశాను.
బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు మెట్‌పల్లి రాజేశం.
"కొయ్యకు తమ్మీ! ఎండ తాకే జాగ గిదొక్కటే మాకు."
ఊపిరి తీసుకుని, నా టోపీ మీది కంపెనీ పేరు చూసి,
"అవుగని, శుక్కురారం పూట ఫోన్లెందుకు కలుస్తలెవ్వు?"

జవాబు చెప్పలేదు. మీటరు ఆయన చేతిలో పెట్టి
దుప్పటి కిందికి దించాను.
మైనస్ అరవై ఎనిమిది,
మైనస్ యాభై,
మైనస్ నలభై మూడు.
ఆయన అంకెని చూశాడు. దుప్పటిని చూశాడు.
"నాదే గది," అన్నాడు మెల్లగా.

వ్యానులో మిగిలిన జీఐ తీగ
కంచె పైపుల మధ్య లాగి కట్టాం.
నా ముడి జారుతుందని విప్పి
మళ్లీ ఆయనే వేశాడు.
లుంగీలన్నీ కొత్త తీగ మీదికి వలసపోయాయి.
ఎండ అక్కడా అంతే.

కారణం అనే గడిలో 'లుంగీలు' అని రాయలేక
'అదనపు భారం' అని రాసి పంపాను.
హైథమ్ వెంటనే ఫోన్ చేశాడు:
ఏ సెట్టింగు మార్చావ్? వివరంగా చెప్పు.

ఆరాక చెబుతానన్నాను.