పెదవులు మూసుకునే చోట

కృష్ణానగర్ రెండో గల్లీలో, కర్రీ పాయింట్ పైన,
కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించిన గదిలో
ప్యో మున్-సిక్ నాకు మొదట పరిచయమైంది
ఆరో సినిమాతో.

అప్పటికే ఆయన పెద్దమనిషి.
సియోల్‌లో పోస్టర్ మీద హీరో కన్నా పైన ఆయన పేరట.
నాకవేమీ తెలీదు.
హెడ్‌ఫోన్ పెట్టుకుని
ఎవరి పెదవులు ఎప్పుడు కలుస్తున్నాయో
పెన్సిలుతో గీతలు పెట్టుకోవడం ఒకటే తెలుసు.
కలిసిన చోట ప, బ, మ.
తెరుచుకున్న చోట నీ ఇష్టం.
ఇదీ నా విద్య. రీలుకు పన్నెండు వందలు.

ఆరు తర్వాత మూడు వచ్చింది, మూడు తర్వాత ఎనిమిది,
హక్కులు ఎప్పుడు చవగ్గా దొరికితే అప్పుడు.
పేజీలు చిరిగిన సీరియల్ చదివినట్టు చదివాను ఆయన్ని:
ముందు మేడ కట్టాడు, తర్వాత అద్దెకున్నాడు,
జుట్టు నెరిశాక మొదటి అప్పు చేశాడు.

ఆ మొదటి సినిమా నాకు ఐదోది.
అక్క చేపల కొట్టు తాకట్టు పెట్టి తీశాడని
పెన్‌డ్రైవ్ తెచ్చిన ఏజెంట్ దస్తగిరి చెప్పాడు,
నిజమో, రేటు పెంచడానికో.
అందులో అందరూ మాట్లాడుతూనే ఉంటారు.
డబ్బుల్లేనివాడి దగ్గర ఉండేది మాటలే కదా.
బస్సు డ్రైవరూ, ఇస్త్రీ ముసలమ్మా,
పన్నెండు నిమిషాల వానలో
ఒకే గొడుగు కింద, ఒకే అప్పు గురించి.
నాలుగు రాత్రులు రాశాను.
ముసలమ్మకు మా మెదక్ మేనత్త యాస ఇచ్చాను.
"గట్లెట్ల పోతవ్ బిడ్డా, తిని పో" అని ఆమె అంటే
ఆ వానలో జొన్నరొట్టె కాలిన వాసన.

తర్వాత ఆయనకు డబ్బొచ్చింది.
రైళ్లు పట్టాలు తప్పాయి. వంతెనలు కూలాయి.
టికెట్ల లెక్క కోటి దాటిందట.
రీలంతా హెలికాప్టరు,
నాకు మూడు 'పరిగెత్తు'లు, ఒక 'అయ్యో'.
ఇక రీలుకు కాదు, మాటకు రెండు రూపాయలన్నారు.
కోటిమంది చూసిన సినిమా డబ్బులు
మా గ్యాస్ బండకు చాల్లేదు.
ఏడోది ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టికెట్ కొని చూశాను.
కుర్రాళ్లు ఈలలేశారు, వంతెనకు.
నా పేరు పడేలోపే తలుపులు తీశారు.

అయినా తిట్టుకోలేదు.
ఎన్ని మేడలు కూలినా
ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, ఒకరి ముందు నిలబడి
"మియానే" అంటారు.
పెదవులు కలిసి, మెల్లగా విడిపోతాయి.
మొదటిసారి విన్నప్పుడే పెన్సిలు ఆగింది.
మన్నించు.
అదే మూత, అదే విడుపు.
కోఠీ దర్జీ కొలత తీయకుండా కుట్టిన జాకెట్టులా
సరిపోయింది.
ఎనిమిదింట్లో పదకొండుసార్లు రాశాను.
ఎవరికంత బాకీ పడ్డాడో ఈయన.
కొట్టు విడిపించాడో లేదో.

తొమ్మిదోది అక్కడ పడుకుంది.
రెండో వారానికే తీసేశారట.
ఇక్కడో ఛానెల్ ఆదివారం మధ్యాహ్నానికి కొంది,
పాత పేపరు తూకానికి ఇచ్చిన ధరకు.
వంతెనల్లేవు. హెలికాప్టరు లేదు.
చివర్లో షట్టరు దించిన ఒక కొట్టు,
దాని ముందు మనకు వీపు తిప్పి ఒక ముసలాయన,
రెండు నిమిషాలు.

అద్దం అవతల్నుంచి ముజీబ్ అన్నాడు:
"మేడమ్, బ్యాక్ షాట్. మూతి కనబడ్తలేదు.
ఏమన్నా పెట్టుకోండి."

పదిహేనేళ్లుగా నేను అడిగింది అదే.
ప, బ, మ కాపలా లేని చోటు.
నిదానంగా చెప్పినా రెండొందల మాటలు పడతాయి.
నాలుగొందల రూపాయలు.
ఇస్త్రీ ముసలమ్మను పిలవొచ్చు, మేనత్తను పిలవొచ్చు,
పన్నెండోసారి ఆ మాటే రాయొచ్చు.
కాగితం మీద పెన్సిలు పెట్టాను, తీశాను.

కింద ఎవరో మిరపకాయల పోపు వేశారు.
ఘాటు మెట్లెక్కి లోపలికొచ్చింది.
మైకు ముందు అనంతరాములు గారు
ఆపుకోలేక దగ్గారు.

"అది ఉంచెయ్" అన్నాను.

"దగ్గు మాటల లెక్కలో రాదు మేడమ్."

"తెలుసు."